పాత ఇంజను ఖర్చు - మనవారి చరిత్రలో ఒక లెక్క

గత ఉగాదినాడు మా తమ్ముని కొడుకూ నేనూ కలిసి బాగుచేయించిన 1929 నాటి ఫోర్డు లారీ ఇంజనును హాలు బయట రెండు చెక్కదిమ్మెల మీద నిలిపి నడిపించాము. చూడవచ్చినవారిలో పదిమందికి తొమ్మండుగురు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎంతయింది?" నేను అంకె చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు తల పట్టుకొన్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "పావలా కోడికి ముప్పావలా మసాలా నాయనా" అని జాలిగా చూసి వెళ్ళిపోయింది.

ఆమె మాటలో అబద్ధం లేదు. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ బిల్లులన్నీ బల్లమీద పరచి చూస్తే, అవి నాకు ఖర్చు కాగితాలుగా కాక మన కుటుంబాల చరిత్రలాగా కనబడ్డాయి. ఏ పనికి ఎంత అయింది, ఎందుకు అంత అయింది, ఆ పని చేసే చేయి మనవారికి ఎక్కడినుండి వచ్చింది అన్నది వివరించాలనే ఈ వ్యాసం. యంత్రాల గొడవ మనకెందుకు అనే పాఠకులు కొంచెం ఓపిక పట్టవలెనని ప్రార్థన.

ముందుగా డబ్బు విలువ తెలియాలి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. అప్పటినుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నాటాల్‌కు వచ్చినవారు 1,52,184 మంది. వారి గిరిమిట్ ప్రకారం జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు. ఏటా ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ ఏట 14 అవుతుంది. తిండిగింజలు, తల దాచుకొనే గది వేరు. కోతలు ఏమీ లేవనుకొన్నా అయిదేళ్ళకు మొత్తం 720 షిల్లింగులు, అంటే 36 పౌండ్లు. కోతలు లేకపోవడమన్నది మాటవరసకే. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం పోయేది.

ఇప్పుడు రెండవ అంకె చూడండి. 1927 డిసెంబరులో హెన్రీ ఫోర్డు తన 'మోడల్ ఏ' కారును విడుదల చేసినప్పుడు, రెండు తలుపుల మూతబండి ధర అమెరికాలో ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర 495 డాలర్లు. పౌనుకు 4.86 డాలర్లన్న ఆనాటి మారకం లెక్కన అది సుమారు 102 పౌండ్లు. ఓడ కిరాయి, సుంకం కలపకముందే అది దాదాపు మూడు గిరిమిట్ల సంపాదన. ఒక మనిషి పదునాలుగేళ్ళు చెరకు నరికి, పైసా ఖర్చుపెట్టకుండా దాస్తే ఒక చిన్న కారు. అప్పటి మనవారికి మోటారు బండి అంటే దొరగారి వస్తువని అనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

ఇంకొక జోడింపు కూడా చెప్పి ముందుకు పోతాను. 1914 జనవరిలో ఫోర్డు తన కార్మికులకు రోజుకు 5 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. అది ఒక పౌనుకు కొంచెం ఎక్కువ, అంటే గిరిమిట్ మొదటి ఏటి కూలికి రెండు నెలల జీతం. అదే సంవత్సరం, 1913 నాటి పెద్ద సమ్మె తరువాత, మనవారి నెత్తిన ఉన్న మూడు పౌండ్ల పన్ను రద్దయింది. గిరిమిట్ ముగిసిన తరువాత స్వేచ్ఛగా ఈ దేశంలో ఉండాలనుకొన్నవారి మీద 1895 చట్టం వేసిన పన్ను అది. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు, అంటే ఆరు నెలల కూలి. మా తాత దానికి భయపడే రెండవసారి గిరిమిట్ రాశాడు. ఆ రెండవ గిరిమిట్టే మా ఇంటికి ఇంజను విద్య తెచ్చింది కనుక ఈ సంగతి ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

తాత 1902లో విశాఖపట్నం జిల్లా నుండి మద్రాసు మీదుగా వచ్చాడు. మొదటి అయిదేళ్ళూ చెరకు తోట. రెండవసారి అతన్ని చక్కెర మిల్లు వర్క్‌షాపులో వేశారు. దొర ఫిట్టరు కింద సాయం మనిషి. పని ఏమిటంటే కొలిమి రాజేయడం, మూకుడులో లోహం కరిగించడం, ఫిట్టరు చెప్పినప్పుడు గరిటె అందించడం. ఆ లోహం పేరు వైట్ మెటల్. నూటికి ఎనభై పాళ్ళకు పైగా తగరం, మిగిలినది రాగి, ఆంటిమొనీ. 1839లో ఐజాక్ బాబిట్ అనే అమెరికన్ కంసాలి కనిపెట్టిన మిశ్రమం కనుక బాబిట్ అని కూడా అంటారు. తిరిగే ఇరుసు కింద మెత్తగా, నూనెను పట్టుకొనేటట్టు ఉండే పరుపు అది. ఇరుసు గట్టిది, పరుపు మెత్తది. అరిగితే పరుపు అరగాలి గాని ఇరుసు అరగకూడదు. ఆ రోజుల్లో చెరకు మిల్లు యంత్రాలలో, ఆవిరి ఇంజనులలో, తరువాత మోటారు బండ్లలో అంతా ఇదే.

కరిగించిన వైట్ మెటల్ ఇనుముకు ఊరకే అంటుకోదు. ముందు ఇనుమును తోమి, వేడిచేసి, నవాసాగరం వంటిది చల్లి, పలుచగా తగరం పూత పూయాలి. దానిమీద పోస్తేనే పట్టు. ఈ సంగతి దొర ఫిట్టరు తాతకు ఎప్పుడూ చెప్పలేదట. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. "ఇది మన కళాయే గదరా" అనుకొన్నాడట తాత. ఊళ్ళో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు వీధిలో గుంట తవ్వి, తిత్తి ఊది, నవాసాగరం పొగ లేపి, తగరపు ముక్కను గిన్నెలో తిప్పి గుడ్డతో తుడిచే పనిని చిన్ననాడు గంటలకొద్దీ కూర్చుని చూసినవాడు అతను. పొగ రంగు చూసి వేడి ఎంత ఉందో చెప్పగలిగేవాడని మా నాన్న అనేవారు. ఇప్పుడు దానికి థర్మామీటరు ఉంది. అయినా ఆ పని తెలిసినవారు నేటికీ దేవదారు పుల్లను కరిగిన లోహంలో ముంచి, అది ఎంత త్వరగా నల్లబడిందో చూస్తారు.

మా పెదనాన్న 1908లో పుట్టాడు. చదివింది నాలుగవ తరగతి. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి, 1922లో, అప్రెంటిస్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఎక్కడా 'ఇండియన్' అన్న మాట లేదు. ఆరవ స్టాండర్డు ప్యాసయినవారినే అప్రెంటిస్‌గా తీసుకోవాలన్నది మాత్రం ఉంది. మన పిల్లలకు ఆ తరగతి వరకు చెప్పే బడులే బహు తక్కువ. ఒకవేళ ప్యాసయినా తీసుకొనే యజమాని లేడు, చేర్చుకొనే యూనియను లేదు, నేర్పే సాంకేతిక కళాశాల లేదు. రెండేళ్ళకు, 1924లో, తెల్లవారికే మొదట పని అన్న ప్రభుత్వ విధానం వచ్చి రైల్వేలలో ఉన్న మనవారు కూడా తగ్గిపోసాగారు. తలుపు మూసి గడియ వేసి, పైన "అందరికీ స్వాగతం" అని బోర్డు పెట్టినట్టుంది గదా!

సరిగ్గా ఆ సంవత్సరమే, 1924లో, పోర్ట్ ఎలిజబెత్‌లో (2021 నుండి ఆ నగరం పేరు గ్కెబెర్హా) ఫోర్డు కంపెనీ పాత ఉన్ని గిడ్డంగిలో బండ్లు కూర్చడం మొదలుపెట్టింది. ఈ దేశంలో అదే మొదటి కార్ల కర్మాగారం. విడిభాగాలు కెనడా నుండి పెట్టెలలో వచ్చేవి. 1926లో జనరల్ మోటార్స్ కూడా అదే ఊరికి వచ్చింది. బండ్లు పెరిగాయి. బండి పెరిగినచోట పాడయ్యే బండి కూడా పెరుగుతుంది. బాగుచేసే చేతులు చాలలేదు.

పెదనాన్న డర్బన్‌లో ఒక గ్యారేజీలో చేరాడు. దాని పేరు చెప్పను. జీతం పుస్తకంలో అతని ఉద్యోగం 'ఊడ్చేవాడు'. పదకొండేళ్ళు ఊడ్చేవాడుగానే ఉన్నాడు. ఆ పదకొండేళ్ళలో సిలిండర్లు కొలిచాడు, వాల్వులు నూరాడు, లేతు నడిపాడు, తాత దగ్గర చూసిన వైట్ మెటల్ పోశాడు. పని అతనిది, సంతకం ఇంకొకరిది, జీతంలో తేడా మూడింతలు. ఈ కథ మా ఇంటిది మాత్రమే కాదు. ఆ తరంలో 'సాయం మనిషి', 'కూలి' అన్న పేర్ల కింద దాగిన ఫిట్టర్లు, టర్నర్లు, వడ్రంగులు నాటాల్‌లో ఎంతమందో. పాఠకుల ఇళ్ళలోనూ ఉండి ఉంటారు; జీతం పుస్తకాలలో మాత్రం వెదకకండి, దొరకరు.

1929లో శాస్త్రి కళాశాల తెరిచారు. మొదటి ఏజెంటు శ్రీనివాసశాస్త్రి గారి కృషి అది. ఆయన వెనుక ఏజెంటుగా వచ్చి 1932 వరకు ఉన్నవారు మన తెలుగువారే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. ఆ కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ వెలసింది. అయితే పూర్తిస్థాయి సాంకేతిక కళాశాల కోసం మనం 1946 వరకు ఆగవలసి వచ్చింది. ఆ కళాశాలకు పేరు పెట్టింది ఎం.ఎల్. సుల్తాన్ గారి పేరు. ఆయన 1890లో కొల్లం ప్రాంతం నుండి గిరిమిట్ కూలీగా వచ్చి, రైల్వే పోర్టరుగా పనిచేసి, తరువాత సంపాదించినదానిలో పెద్దమొత్తం ఈ చదువుకు ఇచ్చినవారు. 2002లో ఆ సంస్థ మరొకదానితో కలిసిపోయి, నేడు డర్బన్ సాంకేతిక విశ్వవిద్యాలయం అయింది. 1946 అంటే మా పెదనాన్నకు ముప్పైయెనిమిదేళ్ళు. అతనికి అది పనికిరాలేదు.

అతను 1930లలో ఒక పాత 'డబుల్ ఏ' లారీ కొన్నాడు. మోడల్ ఏ కారుకు, ఈ లారీకి ఇంజను ఒకటే: నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్లకు కొంచెం తక్కువ, 40 గుర్రాల శక్తి. వారంలో ఆరు రోజులు కేటో మేనర్ నుండి మార్కెట్టుకు అరటిగెలలు, కూరలు. ఏడవనాడు బల్లలు వేసి రామభజన బృందాన్ని ఎక్కించుకొనేవాడు. అద్దెకు బండి నడపాలంటే 1930 మోటారు రవాణా చట్టం ప్రకారం సర్టిఫికెట్టు కావాలి. అది మనవారికి దొరకడం ఎంత కష్టమో బస్సు యజమానుల కుటుంబాలను అడిగితే చెబుతారు. అది వేరే వ్యాసానికి తగిన సంగతి.

ఈ ఇంజను ప్రత్యేకత ఇక్కడ కొంచెం వివరించాలి, లేకపోతే ఖర్చు అర్థం కాదు. నేటి ఇంజనులో బేరింగు అంటే అంగడిలో దొరికే సన్నని అర్ధచంద్రపు రేకు. పాతది తీసి కొత్తది పెడితే పని అయిపోయింది. మోడల్ ఏ ఇంజనులో అట్లా కాదు. క్రాంక్ షాఫ్టు నిలిచే మూడుచోట్ల, పిస్టను రాడ్లు నాలుగింట, మొత్తం ఏడుచోట్ల వైట్ మెటల్‌ను నేరుగా ఇనుములోనే పోశారు. ఆ లోహం పగిలినా, కాలినా మళ్ళీ పోయవలసిందే. పోసిన తరువాత మూడూ ఒకే గీతమీద ఉండేటట్టు తొలవాలి. షాఫ్టుకు, లోహానికి మధ్య ఉండవలసిన సందు అంగుళంలో వెయ్యింట ఒకటిన్నర వంతు, అంటే తలవెంట్రుకలో సగం మందం. అంతకు తగ్గితే పట్టేస్తుంది, పెరిగితే కొట్టుకొంటుంది.

ఫోర్డు వారు పేదవాడికి ఒక దారి కూడా పెట్టారు. బేరింగు మూత కింద ఉల్లిపొరల వంటి ఇత్తడి రేకులు ఉంటాయి. లోహం కొంచెం అరిగినప్పుడు రేకునుండి ఒక పొర ఒలిచి మూత బిగిస్తే మళ్ళీ సరిపోతుంది. పెదనాన్న ఏడాదికొకసారి లారీ కింద పడుకొని ఈ పని చేసేవాడట. షాఫ్టుకు నూనెలో కలిపిన మసి రాసి తిప్పేవాడు. లోహంమీద మసి అంటినచోట ఎత్తు ఉన్నట్టు. అక్కడ గీకుడు ఉలితో గీకి మళ్ళీ రాసి తిప్పేవాడు. మసి అంతటా సమానంగా అంటేవరకు అదే పని. ఆ మసి మా నాయనమ్మ పిల్లలకు పెట్టే కాటుక డబ్బీలోనిది. ఆవిడకు, పెదనాన్నకు దీనిమీద తగవులు జరిగేవి.

రెండవ ప్రపంచయుద్ధంలో, 1942 ఫిబ్రవరి నుండి, అమెరికాలో పౌరుల కార్ల తయారీ ఆగిపోయింది. ఇక్కడ కొత్త బండి గాని, సామాను గాని దొరకడం కష్టమైంది. అప్పుడు పాత ఇంజనును మళ్ళీ మళ్ళీ బాగుచేయడం తప్ప గతి లేదు. పెదనాన్న పెరట్లో కొలిమి పెట్టింది అప్పుడే. మన బస్సులవారు, కూరగాయల లారీలవారు వచ్చేవారు. ఖర్చు లెక్క చాలా సులభం: పాత లోహం మళ్ళీ కరిగించి పోస్తాడు కనుక లోహానికి పెద్దగా తీసుకోడు, చేతికూలి తీసుకొంటాడు. డబ్బు లేనివారు అరటిగెల ఇచ్చేవారు.

1958లో కేటో మేనర్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించారు. 1964లో చాట్స్‌వర్త్ ఇళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. మా వంతు వచ్చినప్పుడు నాకు పదేళ్ళు నిండాయి, గుర్తుంది. కొత్త ఇంట్లో కొలిమికి చోటు లేదు, లారీ నిలపడానికి వీలు లేదు. లారీ తుక్కువాడికి పోయింది. ఇంజనును మాత్రం నలుగురు కావడి వేసి దించి, ఇంటి వెనుక తార్పాలిను కింద పెట్టారు. లేతు అమ్మేశారు. పెదనాన్న ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికాడు గాని మళ్ళీ లోహం పోయలేదు.

ఇక ఇప్పటి బిల్లుల సంగతి. వింటేజి అన్న మాటను ఈ రోజుల్లో ఏ పాత బండికైనా వాడుతున్నారు. 1934లో ఇంగ్లండులో పుట్టిన వింటేజి స్పోర్ట్సు కార్ క్లబ్బు వారి లెక్కలో 1930 డిసెంబరు ఆఖరుకు ముందు తయారైనదే వింటేజి. మాది ఆ గీత దాటని బండి.

మొదటి బిల్లు విప్పి, కడిగి, చూసినందుకు. అక్కడే మేము తప్పు చేశాము. ఈ తరహా ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కనే బ్లాకులో కూర్చుంటాయి. ఆ రెంటి మధ్య గోడ సన్నం. వేడికి అక్కడే పగులుతుంది. కంటికి కనబడని పగుళ్ళను అయస్కాంతం, ఇనుపపొడి పెట్టి కనిపెట్టాలి. అది ముందు చేయవలసిన పని. మేము ఇచ్చిన ఒక షాపువారు ముందు సిలిండర్లు తొలిచి, తరువాత పరీక్ష చేశారు. పగులు బయటపడింది. తొలిచిన కూలి ఇచ్చుకొన్న తరువాత పగులును ఇనుప మేకులతో కుట్టించే కూలి! ముందుంది ముసళ్ళ పండుగ అని అప్పటికి మాకు తెలియదు. ఎవరైనా పాఠకులు ఈ పనికి దిగితే, పగులు పరీక్ష కాగితం చేతికి రానిదే రెండవ పనికి ఒక్క సెంటు ఇవ్వకండి.

సిలిండరు మొదటి కొలత 3.875 అంగుళాలు. అరుగుదలను బట్టి వెయ్యింట ఇరవై, ముప్పై, నలభై, అరవై వంతులు పెద్దగా తొలిచి, దానికి తగిన పిస్టన్లు వేస్తారు. క్రాంక్ షాఫ్టును అట్లాగే పది, ఇరవై, ముప్పై వంతులు చిన్నదిగా నూరుతారు. మా షాఫ్టు చాలామంచి స్థితిలో ఉంది. పది వంతులతో సరిపోయింది. నూరినాయన "దీన్ని ఎవరో ప్రేమగా చూసుకొన్నారు" అన్నాడు. నేను ఏమీ చెప్పలేదు.

సామాను సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. మోడల్ ఏ బండ్లు నాలుగేళ్ళలో 48 లక్షలకు మించి తయారయ్యాయి. అందువల్ల పిస్టన్లు, వాల్వులు, గాస్కెట్లు, టైమింగు గేర్లు నేటికీ అమెరికాలో కొత్తగా చేసి అమ్ముతున్నారు. దీనికంటే ముప్పైయేళ్ళు చిన్నదైన ఎన్నో బండ్లకు ఆ భాగ్యం లేదు. కాని మన రాండు! 1961లో పౌను పోయి రెండు రాండ్లు వచ్చాయి. 1980లో ఒక రాండుకు డాలరు పైచిలుకు వచ్చేది. పది డాలర్ల గాస్కెట్టు అప్పుడు ఎనిమిది రాండ్లలోపు. నేడు డాలరుకు పదిహేను రాండ్లకు పైగా పెట్టాలి కనుక అదే పది డాలర్లు నూటయాభై దాటుతుంది. ఓడకూలి, సుంకం వేరు. అమెరికాలో ఈ ఇంజనును సంపూర్ణంగా బాగుచేయిస్తే నాలుగైదు వేల డాలర్ల నుండి మొదలవుతుంది. బండి మొత్తం ధరలో అది మూడవ వంతు, ఒక్కొక్కప్పుడు సగం. మా లెక్క కూడా దానికి పెద్ద దూరంగా లేదు.

ఒక ఖర్చు మాత్రం తప్పించుకొన్నాము. 2006 జనవరి 1 నుండి ఈ దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. కనుక పాత ఇంజనుకు గట్టి ఉక్కు వాల్వు సీట్లు వేయించక తప్పదని ఒకరు మమ్మల్ని బెదిరించారు. పెట్రోలులో సీసం కలపడం మొదలైందే 1923లో. ఈ ఇంజను ఒత్తిడి నాలుగుకు ఒకటి చొప్పున, చాలా తక్కువ. దీనికి సీసం పెద్ద అవసరం కాదు. సీటు పాడై ఉంటే వేయించండి, భయంతో వేయించకండి.

అసలు వాదం వైట్ మెటల్ దగ్గర వచ్చింది. ఇప్పుడు బ్లాకును కొంచెం పెద్దగా తొలిచి, కొత్తరకం రేకు బేరింగులు వేసే పద్ధతి ఉంది. ఒకసారి అట్లా మారిస్తే మళ్ళీ లోహం పోయనక్కరలేదు. రేపు పాడైతే డబ్బాలోనుండి తీసి మార్చుకోవచ్చు. మా తమ్ముని కొడుకు ఇంజనీరు, అతను దానివైపే. "పెదనాన్నా, నడిచే ఇంజను కావాలా, దండం పెట్టుకొనే ఇంజను కావాలా?" అన్నాడు. అతని మాట తప్పు కాదు. రోజూ నడిపే బండి అయితే నేనూ అదే చేయించేవాణ్ణి. కాని ఈ బ్లాకులో ఉన్న లోహం మా పెదనాన్న పోసినది. కొంత భాగం బహుశా తాత దగ్గరినుండి వచ్చినది. పాతది కరిగించి పోసే అలవాటు వారిది గదా. అది తీసి తుక్కులో వేయడానికి నాకు మనసొప్పలేదు. మూడు నెలలు వాదించుకొన్నాము. పని ఆగిపోయింది.

చివరకు ఒక ముసలాయన దొరికాడు. ఎనభై దాటినవాడు, తమిళుడు, తండ్రి కూడా మిల్లు వర్క్‌షాపు మనిషే. ఆయన మా పాత లోహాన్ని చూసి, తీసుకొని, "ఇది మళ్ళీ వాడితే బలం చాలదు, ఎన్నిసార్లు కరిగిందో. కొత్త లోహం కొనండి, దీనిలో గుప్పెడు మాత్రం కలుపుతాను" అన్నాడు. కలపడం శాస్త్రీయంగా అవసరం లేదు, అపకారం కూడా లేదు అన్నాడు. ఇద్దరికీ ఒప్పుదల అయింది.

ఆయన ఏడు బేరింగులు పోసి, తొలిచి, గీకి ఇవ్వడానికి పదకొండు రోజులు తీసుకొన్నాడు. వేసిన బిల్లు పెద్దదే. చిల్లర వదిలి చెబితే, మా ఖర్చులో నూరు రాండ్లకు అరవైయైదు చేతిపనికి, ముప్పైయైదు సామానుకు పోయింది. ఆ అరవైయైదులో సగానికి దగ్గర ఈ ఒక్క మనిషికి. లోహం ధర లెక్కలోకి రానంత తక్కువ. మా తమ్ముడు బిల్లు చూసి, "ఇంత అడుగుతాడా" అన్నాడు. నేను పెదనాన్న జీతం పుస్తకం తీసి చూపించాను. 'ఊడ్చేవాడు' అని రాసి ఉన్న పేజీ. ఇక ఎవరూ బేరమాడలేదు.

ముసలాయనకు శిష్యులు లేరు. కొడుకులు ఇద్దరూ ఆస్ట్రేలియాలో ఉన్నారు. చట్టం అడ్డుపడిన రోజుల్లో ఈ పని దొంగచాటుగా నేర్చుకొన్నవారు వందలకొద్దీ ఉండేవారు. ఏ అడ్డూ లేని ఈ రోజుల్లో డర్బన్ చుట్టుపక్కల మేము వెదికితే దొరికింది ఆయన ఒక్కడు. యువకులను తప్పుపట్టను. వారికి కంప్యూటరు ముందు దీనికి రెట్టింపు వస్తుంది, ఊపిరితిత్తులలో పొగ ఉండదు.

ఇంజను బిగించి, మొదట గంటసేపు నెమ్మదిగా నడిపి, నూనె మార్చి, తల బోల్టులు మళ్ళీ బిగించాము. కొత్త బేరింగులు కుదురుకొనేవరకు, మొదటి అయిదువందల మైళ్ళ పాటు, వేగం పెంచకూడదు. లారీ లేదు కనుక మైళ్ళకు బదులు గంటలు లెక్కపెట్టుకొంటున్నాము. ప్రతి ఆదివారం అరగంట.

రేకు బేరింగులే మేలని వాదించిన మా తమ్ముని కొడుకు ఇప్పుడు శనివారాలు ముసలాయన ఇంటికి పోతున్నాడు. అక్కడ పాత రాడ్లు నాలుగు కొని పెట్టుకొన్నాడు, నేర్చుకోవడానికి. మొదటిదానికి కళాయి పట్టలేదు. రెండవదాని లోహంలో గాలిబుడగలు. మూడవది చూడడానికి బాగుంది గాని సుత్తితో తడితే గణగణ మోగవలసినది బొక్కుగా మోగిందట. అంటే లోపల అంటుకోలేదు. మూడింటినీ మళ్ళీ కరిగించాడు. ఈ శనివారం నాలుగవది.